కబాయి కట్టుకుంటామా, తొడుక్కుంటామా?

సందేహం: లేపాక్షి వీరభద్రాలయం పైకప్పు చిత్రాల్లోని ఒక పురుషుణ్ణి మా అమ్మాయి పెన్సిలుతో గీసింది. పొడవాటి అంగీ, దాని నిండా పూలు. కింద "సున్నితమైన ఎంబ్రాయిడరీ కబాయి కట్టుకున్న ఉద్యోగి" అని రాశాను. సరేనా?

సమాధానం: కబాయి చక్కటి మాట, వదులుకోకండి. అరబ్బీ 'ఖబా' నుంచి వచ్చి విజయనగర కొలువులో స్థిరపడిన నిలువుటంగీ పేరిది. దానికి జోడు కుళ్ళాయి, అంటే పొడవాటి టోపీ. మీ బొమ్మలో తలమీద అదే ఉంటే ఆ పేరుతోనే రాయండి. ఉత్త 'టోపీ' అంటే 16వ శతాబ్ది మనిషి కళ్ళకు కట్టడు.

పొరపాటు క్రియలో జరిగింది. కుట్టిన అంగీని తొడుక్కుంటాం. కుట్టని బట్టను కట్టుకుంటాం, చుట్టుకుంటాం. కన్నడ రాజ్యలక్ష్మికి మొరపెట్టుకున్న శ్రీనాథుడి చాటువు గుర్తుందా? కుళ్ళాయి 'ఉంచితి', కోక (ఇక్కడ కుట్టని బట్ట) 'చుట్టితి', కూర్పాసం (కుట్టిన అంగీ) 'తొడ్గితి' అన్నాడు. మూడింటికీ మూడు క్రియలు! ఇంత నిక్కచ్చి మన భాషలో ఉండగా అన్నిటికీ 'ధరించిన' అని సరిపెట్టడం నాకు నచ్చదు. అలాగే కొంగు, చెంగు చీర, ఉత్తరీయం లాంటి కుట్టని బట్టకే. కబాయికి ఉండేవి మెడపట్టీ, ముంజేతి పట్టీ, దిగువ అంచు.

ఇక 'సున్నితమైన'. మాట తప్పు కాదు, పెట్టిన చోటు తప్పు. మీరు మెచ్చుకున్నది బట్టనా, పూలనా, గీతనా? బట్టయితే పలచన, మెత్తన. గీతయితే సన్నం, నాజూకు. గీసిన చేతిని మెచ్చాలంటే 'సున్నితంగా గీసింది' అనండి, అక్కడ అది అతుకుతుంది. ఎంబ్రాయిడరీ అంటే సూదితో కుట్టిన పని. నేతలో వచ్చిన బుటా అయినా, అద్దకపు పువ్వు అయినా పెన్సిలు గీతలో ఒకేలా కనిపిస్తాయి. మడత దగ్గర పువ్వు సగానికి విరిగిందా, మడతను పట్టించుకోకుండా పరుచుకుందా అన్నది చూస్తే చిత్రకారుడి పద్ధతి తెలుస్తుంది గాని, అది కుట్టో నేతో తేలదు. అందుకే రెంటికీ చెల్లే 'పూలపని' మేలు.

ఇలా మార్చండి: "పూలపని కబాయి తొడుక్కున్న ఉద్యోగి. లేపాక్షి పైకప్పు చిత్రం చూసి, పెన్సిలుతో సన్నని గీతల్లో గీసినది." 'ఉద్యోగి' అని తెలియకపోతే 'కొలువు దుస్తుల్లో పురుషుడు' అంటే చాలు.