న్యాయ సలహా: రీమ్యాప్ చేయించిన కారుకు వారంటీ ఇవ్వబోమన్నారు

ప్రశ్న: మాది హైదరాబాద్‌లోని మలక్‌పేట. నాన్నగారి రిటైర్మెంటు డబ్బుతో 2023లో ఒక లీటరు టర్బో పెట్రోలు కారు కొన్నాం. ధర సుమారు 14 లక్షలు. 2024 మార్చిలో స్నేహితుడి మాట విని, ఒక ట్యూనర్ దగ్గర రూ.28 వేలు ఇచ్చి ఇంజిన్ కంప్యూటర్‌ను రీమ్యాప్ చేయించాను, అంటే ఇంజిన్ శక్తి పెరిగేలా దాని సాఫ్ట్‌వేర్ మార్పించాను. బిల్లు ఇవ్వలేదు. డిసెంబరు 7న ఔటర్ రింగ్ రోడ్డు మీద ఇంజిన్ దెబ్బతింది. సాఫ్ట్‌వేర్ మార్చారు కాబట్టి వారంటీ వర్తించదని సర్వీస్ సెంటర్ డిసెంబరు 19న లేఖ ఇచ్చింది. మరమ్మతుకు రూ.2.40 లక్షలు అవుతుందట. అప్పటి నుంచి కారు మా సెల్లార్‌లోనే ఉంది. ఇన్నాళ్లూ ‘చూద్దాం’ అంటూ గడిపిన ట్యూనర్, ఇప్పుడు కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ ఫైలు ఉచితంగా తిరిగి ఎక్కిస్తాననీ, వేరే సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లమనీ అంటున్నాడు. నాన్నగారు నాతో మాట్లాడడం మానేశారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీ ఉత్తరంలో నాన్నగారి కోపం మూడు పేజీలు, బిల్లు సంగతి ఒక్క వాక్యం. వినియోగదారుల కమిషన్ చదివేది ఆ ఒక్క వాక్యాన్నే.

ముందు ఆ ఉచిత సాయం సంగతి చూద్దాం. ఇన్నాళ్లుగా ఒక్క రూపాయి వెనక్కి ఇవ్వని మనిషికి ఇప్పుడు ఇంత ఔదార్యం ఎందుకు పుట్టుకొచ్చింది? ఆయన మీ కారుకు పని చేశాడని చెప్పే బలమైన సాక్షి ఒక్కటే: ఆ కంప్యూటర్‌లో ఉన్న ఆయన ఫైలు. అది చెరిగిపోతే ‘మీ కారును నేను ముట్టుకోనే లేదు’ అంటాడు. మీ దగ్గర బిల్లు కూడా లేదు. పైగా మీరు అనుకునే లాభమూ దక్కదు. చాలా కార్ల ఇంజిన్ కంప్యూటర్లలో సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లు తిరగరాశారో లెక్క నమోదవుతుంది. పాత ఫైలు ఎక్కిస్తే ఆ లెక్క ఒకటి పెరుగుతుందే తప్ప సున్నా కాదు. మొదటి సర్వీస్ సెంటర్ రిపోర్టు కంపెనీ రికార్డుల్లో ఉండగా, అదే కారును మరోచోట ‘ఏమీ మార్చలేదు’ అని చూపిస్తే అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం కేసుకు దారి తీస్తుంది. ఫిర్యాదుదారు కావలసిన మీరు నిందితులవుతారు. కారు తాళం ఆ మనిషి చేతికి ఇవ్వకండి. సెల్లార్‌లో ల్యాప్‌టాప్ తగిలించనివ్వకండి. బ్యాటరీ ఛార్జింగ్ సాకుతో వచ్చినా సరే.

ఇక కేసును తేల్చేది ఒక్క అంశం: ఇంజిన్ పోవడానికి రీమ్యాపే కారణమా? చిన్న టర్బో ఇంజిన్‌లో కంపెనీ బూస్ట్‌కూ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడికీ) స్పార్క్ టైమింగ్‌కూ హద్దులు పెట్టేది ఎండనూ, పెట్రోలు నాణ్యతనూ, పిస్టన్ బలాన్నీ లెక్క వేసుకునే. తక్కువ వేగంలోనే టార్క్ (ఇంజిన్ తిప్పే బలం) పెంచితే స్పార్క్ పడకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. ఆ దెబ్బ మొదట పిస్టన్ రింగుల దగ్గర తగులుతుంది. మీరు పంపిన జాబ్ కార్డులో ‘రెండో సిలిండర్‌లో కంప్రెషన్ లేదు, కెమెరాలో పిస్టన్ అంచు విరిగినట్టు కనిపిస్తోంది’ అని ఉంది. ఈ రాత మీకు కంపెనీ మీద పనికిరాదు. ట్యూనర్ మీద బ్రహ్మాండంగా పనికొస్తుంది. ఏసీయో, కిటికీ మోటారో చెడి ఉంటే రీమ్యాప్ పేరు చెప్పి వారంటీ ఎగ్గొట్టడం కంపెనీ తరం కాదు. పిస్టన్ విషయంలో మాత్రం రీమ్యాప్‌కు సంబంధం లేదన్న మీ వాదన నిలవడం కష్టం.

మీరు తిట్టుకుంటున్న ఆ తిరస్కరణ లేఖే మీ మొదటి సాక్ష్యం. అందుకే ట్యూనర్‌తో పాటు కంపెనీనీ డీలర్‌నూ ప్రతివాదులుగా చేర్చండి. ట్యూనర్ ఒక్కడి మీదే వేస్తే తయారీ లోపం అని తప్పుకుంటాడు. ముగ్గురూ ఉంటే ఆ మాటకు కంపెనీయే జవాబు చెబుతుంది.

‘వారంటీకి ఏమీ కాదు, ఎవరూ కనిపెట్టలేరు’ అని ఆయన పంపిన వాట్సాప్ సందేశం పంపారు. మంచిదే. కానీ దాని పైన ‘కంపెనీకి తెలియకూడదు కదా’ అన్న మీ ప్రశ్న కూడా ఉంది. వారంటీ పోతుందని తెలిసే చేయించారని ట్యూనర్ లాయరు దాన్నే చదువుతాడు. పరిహారం కొంత తగ్గవచ్చు. అందుకని ఆ ప్రశ్నను చెరిపేస్తే మొత్తం చాట్ మీదే అనుమానం వస్తుంది. ఫోను మార్చకండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం, ఎలక్ట్రానిక్ సాక్ష్యాన్ని ధ్రువీకరించే సర్టిఫికెట్ జతచేసి ఆ చాట్‌ను దాఖలు చేయాలి. 28 వేలు పంపిన యూపీఐ వివరాలకు బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి.

గడువు విషయంలో మీ నిర్లక్ష్యాన్ని క్షమించలేను. వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 69 ప్రకారం వివాద కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లే. ఫోన్‌లో చెప్పిన ‘చూద్దాం’లు ఆ గడియారాన్ని ఆపవు. ఇంజిన్ దెబ్బతిన్న డిసెంబరు 7 నుంచి మనం లెక్కిస్తాం కాబట్టి 2026 డిసెంబరు 6 లోపు ఫిర్యాదు నమోదు కావాలి. ట్యూనర్ మాత్రం పని చేసిన మార్చి నుంచే లెక్కించాలంటాడు. ముందు జాగ్రత్తగా ఆలస్యం మన్నించమనే పిటిషన్ కూడా జతచేయండి.

మరో మాట. ఫిర్యాదు వేస్తే రీమ్యాప్ చేయించినట్టు మీరే ఒప్పుకున్నట్టు. తయారీదారు నిర్దేశాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చడం కుదరదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ కింద యజమానికి ఆరు నెలల వరకు జైలు గానీ, ఒక్కో మార్పుకు ఐదు వేల జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. సాఫ్ట్‌వేర్‌కు అది వర్తించదని వాదించవచ్చు, కానీ ఆ ప్రశ్న ఎదురవుతుందని తెలిసే దిగండి. ఇన్సూరెన్స్ కంపెనీకి ఈ మార్పు చెప్పారా లేదా అన్నది మీ ఉత్తరంలో లేదు. నాకు చెప్పండి.

ఈ వారమే ముగ్గురికీ స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. కెమెరా ఫొటోలూ స్కాన్ రిపోర్టూ ఇవ్వాలని డీలర్‌ను అందులోనే అడగండి. ఇంజిన్‌ను ఎవరి చేతా విప్పించకండి. సెక్షన్ 38 కింద నిపుణుల పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు. మీరు నివసించే చోటే, అంటే హైదరాబాద్ జిల్లా కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. ఈ-జాగృతి పోర్టల్‌లోనూ దాఖలు చేయవచ్చు. కారు ధరను బట్టి ఫీజు 400 రూపాయలు. కారు నాన్నగారి పేరున ఉంటే సంతకం ఆయనదే కావాలి, కాబట్టి ముందు ఆయనతో మాట్లాడండి.