బాంజో విని పాత ఫ్రెండ్స్ గుర్తొస్తున్నారన్న మేనల్లుడికి

ఒరేయ్ చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. నార్త్ కరోలినా ఆష్‌విల్‌లో రోడ్డు పక్కన ఎవరో డప్పుకి గిటార్ మెడ తగిలించినట్టుండే ఆ బాంజో వాయిస్తుంటే అక్కడే ఆగిపోయావు, పాటలో ఒక్క ముక్క అర్థం కాకపోయినా హాస్టల్ బ్యాచ్ అంతా గుర్తొచ్చి ఏడుపొచ్చినంత పనైంది, ఇదేం గోల మావయ్యా అంటున్నావు. గోల ఏం లేదు, నువ్వు విన్నది బ్లూగ్రాస్, అమెరికా కొండప్రాంతాల వాళ్ళ తీగవాద్యాల సంగీతం, అదంటేనే అంత. కానీ అప్పట్నుంచి రోజూ రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక్కడివే వింటున్నానన్నావు చూడు, అది నాకు నచ్చలేదు. ఒంటరిగా వింటే దిగులు ఇంకా పెరుగుతుంది. ముందు మనుషులు ఎదురుగా కూర్చుని వాయిస్తుంటే విను.

ఈ పాటల్ని నెత్తిన పెట్టుకున్నది ఎవరనుకుంటున్నావ్, మనలాంటోళ్ళే. కెంటకీ, వర్జీనియా కొండల్లోంచి పని కోసం డేటన్, సిన్సినాటి, డెట్రాయిట్ ఫ్యాక్టరీలకి పోయిన జనం. దీనికి మూలపురుషుడు బిల్ మన్రో, 1911లో కెంటకీలో రోజీన్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు, అమ్మానాన్నా చిన్నప్పుడే పోయారు, కుర్రాడిగా ఉండగానే అన్నల దగ్గరికి ఇండియానా వెళ్ళి ఆయిల్ రిఫైనరీలో పనిచేశాడు. ఆయనకి ఫిడేలు పాటలు ఎక్కించింది ఎవరో తెలుసా, సాక్షాత్తూ మేనమామ! చుట్టుపక్కల డాన్సులకి వెంటబెట్టుకుని తిప్పాడంట, తర్వాత ఆ మామ మీద మన్రో ఏకంగా పాటే కట్టాడు. నువ్వు నా మీద కట్టక్కర్లేదులే, ఫోన్ చేస్తే వెంటనే ఎత్తు చాలు.

సరే, చేయాల్సింది ఏంటంటే, మీ ఊరి చుట్టుపక్కల జామ్, అంటే వచ్చినవాళ్ళంతా కలిసి సరదాగా వాయించుకోవడం, ఎక్కడ జరుగుతుందో కనుక్కో. గిటార్లు అమ్మే షాపులో అడిగితే చెప్తారు. స్టేజీ ఉండదు, మైకు ఉండదు, కుర్చీలు గుండ్రంగా వేసుకుంటారు. మొదటిసారి ఏమీ పట్టుకెళ్ళకు, వెనక వరసలో కూర్చుని చూడు. ఒకరు పాట పేరు చెప్పి, కీ, అంటే ఏ శ్రుతిలోనో, చెప్తారు, జీ అన్నారనుకో, చాలా పాటలు మూడు కార్డ్స్‌తో, అంటే ఒకేసారి కలిపి మోగించే మూడు స్వరాల గుంపులతో, అయిపోతాయి, అందుకే ముందూ వెనకా తెలియనివాడు కూడా కలిసిపోగలడు. డ్రమ్ములు ఉండవు, ఆ పని మాండొలిన్ చేస్తుంది. తీగల్ని ఒక్క దెబ్బ కొట్టి ఎడమచేతి వేళ్ళు వెంటనే లూజు చేస్తారు, శబ్దం టక్కున తెగిపోతుంది, అదే తాళం. చరణానికీ చరణానికీ మధ్య ఒక్కొక్కరికి సోలో వంతు వస్తుంది, దాన్ని బ్రేక్ అంటారు, పాట ఎత్తుకున్నవాడు కళ్ళతోనే పిలుస్తాడు, వద్దనుకుంటే తల అడ్డంగా ఊపితే పక్కవాళ్ళకి వెళ్ళిపోతుంది, ఎవరూ ఏమీ అనుకోరు. ఒకళ్ళు పాడుతుంటే మిగతా అందరూ సౌండ్ తగ్గిస్తారు. అయిపోతోందంటే కాలు కొంచెం పైకెత్తుతారు, అంతే, అందరూ ఒకేసారి ఆగుతారు.

నన్నడిగితే నీకు ఫ్రెండ్స్ గుర్తొచ్చింది కూడా ఇందుకే. హాస్టల్ కబుర్లు కూడా ఇలాగే కదరా నడిచేవి, ఒకడు అందుకుంటే ఇంకొకడు ఆగేవాడు. నేను వెళ్ళే జామ్‌లో ఫర్నిచర్ ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఒకాయన ఉండేవాడు, నాకు మాండొలిన్ పట్టుకోవడం నేర్పిందే ఆయన, మన పాలకొల్లు శ్రీనివాస్ ఎలక్ట్రిక్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించింది ఫోన్‌లో వినిపిస్తే మళ్ళీ పెట్టు మళ్ళీ పెట్టు అనేవాడు. ఆయన పోయాక కొన్నాళ్ళు ఆయనకిష్టమైన పాట వచ్చినప్పుడల్లా ఆయన వంతు దగ్గర బాస్, గిటార్ మాత్రం నడిచేవి, సోలో ఎవరూ అందుకునేవాళ్ళు కాదు. ఎవరూ చెప్పలేదు, అలా జరిగిపోయింది. ఇప్పుడు హైస్కూల్ పిల్ల ఒకతి వచ్చి అక్కడ దడదడలాడించేస్తోంది, అదీ బాగానే ఉంది.

ఇంకో సంగతి. హాస్టల్లో నీ రూమ్మేట్‌తో మాటల్లేవన్నావు, అమెరికా వచ్చే ముందు ఏదో డబ్బుల గొడవ. మన్రో సంగతి విను. 1945లో బాంజో వాయించే ఎర్ల్ స్క్రగ్స్ చేరాక గిటార్ మీద లెస్టర్ ఫ్లాట్‌తో కలిపి ఆయన బ్యాండ్ అదిరిపోయింది, ఈ సంగీతానికి రూపం వచ్చిందే అప్పుడంటారు. 1948లో వాళ్ళిద్దరూ బయటికెళ్ళి సొంత బ్యాండ్ పెట్టుకున్నారు. మన్రోకి ఎంత కోపమంటే ఫ్లాట్‌తో ఇరవై ఏళ్ళకి పైగా మాట లేదు. ఆఖరికి 1971లో ఇండియానాలో బీన్ బ్లాసమ్ అనే ఊళ్ళో, మన్రో సొంత ఫెస్టివల్లోనే, చేతులు కలిపారు. ఫ్లాట్ 1979లో పోయాడు. లెక్క నువ్వే చూసుకో, మాట్లాడుకోని ఏళ్ళు ఎన్ని, మాట్లాడుకున్నవి ఎన్ని. నీ గొడవ ఎంత రా, పది వేలా?

కాబట్టి ఫోన్ చెయ్. పాట లింకు పంపి కింద పెద్ద ఎమోషనల్ మెసేజ్ పెట్టకు, వాడు బ్లూ టిక్ ఇచ్చి ఊరుకుంటాడు, నీకు ఇంకా మండుతుంది. డబ్బు మాట ఎత్తకు, సారీలు అసలే వద్దు. చిన్న ప్రశ్న ఏదైనా అడుగు, మెస్‌లో ఆదివారం పూట మనం పందెం కట్టింది దేని మీద రా అనో, వార్డెన్ స్కూటర్ ఎవరు దాచారు రా అనో. సమాధానం చెప్పాలంటే మాట్లాడాల్సిందే కదా. ఎండాకాలం జామ్ రాత్రి తొమ్మిదికి అయిపోతే ఇండియాలో పొద్దున్న ఆరున్నర, వాడు ఎలాగూ పొద్దున్నే లేచే రకం అన్నావు కాబట్టి కారులో కూర్చునే కొట్టెయ్, ఇంటికెళ్ళాక చేద్దాంలే అంటే చెయ్యవు.

మాండొలిన్ కొంటానన్నావు కదా, ఆగు, ముందు నాది వాడుకో. ఏప్రిల్ చివర్లో విల్క్స్‌బరోలో మెర్ల్‌ఫెస్ట్ అనే సంగీత ఉత్సవం ఉంటుంది. పేరున్న గిటార్ కళాకారుడు డాక్ వాట్సన్ కొడుకు మెర్ల్ 1985లో ట్రాక్టర్ ప్రమాదంలో పోయాడు, ఆయన జ్ఞాపకార్థం 1988లో మొదలుపెట్టారు, తండ్రీకొడుకులు ఏళ్ళ తరబడి కలిసి వాయించినవాళ్ళు. నీకూ టికెట్ తీస్తున్నాను, లీవ్ పెట్టేయ్. మీ అత్త దారిలో తినడానికి పులిహోర కలుపుతానంది. మడత కుర్చీలు కొనకు, మా గరాజ్‌లో చాలా ఉన్నాయి.

మీ మావయ్య