కెనడా పుస్తకాలకు తెలుగులో సమీక్ష: నేను పడిన తిప్పలు

కెనడాలో ఈమధ్య వస్తున్న కవితా సంపుటాలు, కథల సంపుటాల మీద తెలుగులో సమీక్షలు రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలని అడిగారు. నేను టొరంటో శివార్లలో ఉంటూ ఒక అంతర్జాల పత్రికకు అడపాదడపా రాస్తుంటాను. ఆ మాత్రం అనుభవంతో చెబుతున్నాను: కథలతో మొదలుపెట్టండి.

నా మొదటి సమీక్ష తిరిగొచ్చింది. పుస్తకం సువాంఖమ్ తమ్మవోంగ్సా రాసిన ‘హౌ టు ప్రొనౌన్స్ నైఫ్’. 2020లో కెనడా నవలలకూ కథలకూ ఇచ్చే గిల్లర్ బహుమతి పొందింది. రచయిత్రి థాయ్‌లాండ్‌లోని లావో శరణార్థి శిబిరంలో పుట్టారు, టొరంటోలో పెరిగారు, ఈ కథలకు ముందే నాలుగు కవితా సంపుటాలు తెచ్చారు. ఈ వివరాలతోనే రెండు పేజీలు నింపేశాను. "కథలు ఎక్కడండీ?" అని సంపాదకురాలు ఒక్క ముక్క రాసి పంపారు. ఒళ్లు మండింది గానీ, ఆవిడ అడిగిందాంట్లో తప్పేమీ లేదు. 14 కథల్లో ఒక్కదాని గడప కూడా దాటలేదు నేను.

రెండోసారి మొదటి కథ ఒక్కటే పట్టుకున్నాను. చిన్నపిల్ల చదువుకుంటూ ‘నైఫ్’ అన్న మాట దగ్గర ఆగి నాన్నను అడుగుతుంది. ఆయనకు ఇంగ్లీషు అంతంత మాత్రం. ముందున్న ‘కె’ని కూడా కలిపి పలికి చెబుతాడు. తరగతిలో ఆ పిల్ల అలాగే చదువుతుంది, తప్పంటే ఒప్పుకోదు. మొదటి అక్షరానికి శబ్దం లేకపోవడమేమిటని దాని వాదన. రాసిందల్లా పలికే భాష మనది, మన లెక్కన ఆ తండ్రి చదివిందే సబబు! మా నాన్నగారు చివరిదాకా ‘వెడ్నెస్‌డే’ అనే అన్నారు. ఆ సంగతి రాశాకే నా సమీక్షలో కదలిక వచ్చింది. రచయిత్రి ఆ తండ్రి మీద జాలి ఒలకబోయరు, పిల్ల మొండితనం చూపించి ఊరుకుంటారు. నేను రాయాల్సింది అదీ.

కవిత్వంతో తిప్పలు వేరు. కెనడా ఆదివాసుల్లో ఒకటైన నిస్గా జాతి కవి జోర్డన్ ఏబెల్ పుస్తకానికి 2017లో గ్రిఫిన్ అనే కవిత్వ బహుమతి వచ్చింది. దాని పేరు ‘ఇంజన్’. తెలుగులో అలా రాస్తే రైలింజన్ అనుకుంటారు! నిజానికది ‘ఇండియన్’ అన్నదాన్ని వంకరగా పలికి అక్కడి ఆదివాసులను కించపరుస్తూ పిలిచిన మాట. పాత కౌబాయ్ నవలలు 91 తీసుకుని, ఆ మాట వచ్చిన వాక్యాలన్నీ ఏరి, వాటిని కోసి కవిత కట్టాడు. పోనీ ‘ఇండియన్లు’ అందామా అంటే మనవాళ్లు మనమే అనుకుంటారు. చివరికి ‘ఆదివాసులు’ అని రాసి, పక్కన ఒక వాక్యం వివరణ ఇచ్చాను. మొదట ఫోనులో చదివాను. అక్షరాలు చెల్లాచెదురుగా కనిపిస్తే ఫైలు పాడైందనుకున్నాను. గ్రంథాలయంలో అచ్చు ప్రతి చూశాక గానీ ఆ చెదరడమే కవితని తెలియలేదు. అయితే కిటుకు తెలిశాక కొన్ని పేజీలు విసుగనిపించాయి. ఆ మాటా రాశాను. బహుమతి వచ్చిందని మొహమాటపడకండి.

ఇంకొకటి. గ్రిఫిన్‌లో కెనడా కవులకు విడిగా ఇచ్చే బహుమతిని 2023 నుంచి అంతర్జాతీయ బహుమతితో కలిపేశారు, కాబట్టి విజేత కెనడా కవే అవుతారన్న హామీ లేదు. కెనడా రచయితలకే ఇచ్చే గవర్నర్ జనరల్ అవార్డుల్లో కవిత్వానికి విడి విభాగం ఉంది. ఇప్పుడు నేను ఆ జాబితా చూసే గ్రంథాలయంలో పుస్తకాలకు పేరు రాయించుకుంటున్నాను.