వెలుగా, వెలుతురా?

ప్రశ్న: పర్లాకిమిడి, బరంపురం, రాయగడల్లో ఉన్న మిత్రులం కంప్యూటర్ తెర మీద ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆడుతుంటాం. ఒక్కొక్కరు ఒక్కో పాత్ర ధరించి కథ నడిపే ఆట అది. పటంలో ఏ పాత్రకు ఎంతవరకు కనిపించాలో అమర్చేది నేనే. ఆ సూచనలు తెలుగులో రాస్తూ లైటింగ్‌ను ‘ప్రకాశీకరణ’ అనీ, లైన్ ఆఫ్ సైట్‌ను ‘దృష్టి రేఖ’ అనీ పెట్టాను. సరైనవేనా? అసలు వెలుగు, వెలుతురు ఒకటేనా?
– ఒక పాఠకుడు, పర్లాకిమిడి

సమాధానం: వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊరు మీది. అక్కడి నుంచి ‘ప్రకాశీకరణ’ రావడం నాకు కష్టంగా ఉంది. మీ ఇంట్లో ఎవరైనా ‘వెలుతురు చాలడం లేదు, దీపం ఇటు జరుపు’ అంటారు గాని ప్రకాశీకరణ చాలలేదనరు కదా!

వెలుగు, వెలుతురు రెండూ తెలుపును చెప్పే ‘వెల్’ ధాతువు బిడ్డలే. తెల్లని నెల వెన్నెల. ఇక్కడ నెల అంటే చంద్రుడు. తెల్లని నెయ్యి వెన్న. వెండిదీ ఆ ఇంటిపేరే. అయితే ‘వెలుగు’ నామమూ అవుతుంది, క్రియా అవుతుంది. దీపం వెలుగుతుంది, ‘వెలుతురుతుంది’ అనం. వెలుతురు తనంతట తాను ఉండదు, దేనిమీదనో పడాలి. గూట్లో దీపం పెట్టి చూడండి. వెలుగు గూట్లోనే ఉంటుంది. వెలుతురు గడప దాటి, వసారా మీద పరచుకుని, స్తంభం దగ్గర ఆగుతుంది.

గజేంద్రుడి నోట పోతన ‘పెంజీకటి కవ్వల నెవ్వం డేకాకృతి వెలుఁగు’ అనిపించాడు. పెను చీకటే పెంజీకటి. లోకాలూ, లోకేశులూ, లోకస్థులూ అంతా పోయాక మిగిలిన చీకటి అది. పడడానికి గోడ లేదు, నేల లేదు. అక్కడ వెలుతురుకు చోటెక్కడ? వెలగడం ఒక్కటే ఉంది. ఈ పద్యం చదివిన ప్రతిసారీ నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మీ ఆటలో కాగడాది వెలుగు. దాని చుట్టూ 20 అడుగులు నిండు వెలుతురు, ఆపైన మరో 20 అడుగులు మసక వెలుతురు. ‘దీపం వెలుగులో చదివాడు’ అనే వాడుకా ఉంది కనుక ఈ భేదాన్ని శాసనంగా పట్టుకోనక్కరలేదు.

‘దృష్టి రేఖ’ తప్పనను. కానీ ఆటగాడికి గీతతో పని లేదు, చూపు అందిందా లేదా అన్నదే కావాలి. ‘చూపు మేర’ అంటే దూరమే తెలుస్తుంది, అడ్డు తెలియదు. ‘చూపు అందుతుంది’, ‘గోడ అడ్డు’, ‘స్తంభం చాటు’ అని రాయండి. కిటికీ మనిషిని ఆపుతుంది, చూపును ఆపదు. దాన్ని గోడతో కలిపి ఒకే మాటతో చెప్పకండి. పటంలో చూపును ఆపే అడ్డుగీతను గోడ మందం నడుమ గీస్తే ఈవలి అంచు ఆటగాడికి కనిపిస్తుంది. ఆ ఈవలి అంచు మీదే గీస్తే గోడ మొత్తం చీకట్లో కలిసిపోతుంది.

ఇక కొన్ని పాత్రలు 60 అడుగుల మేర చీకటిని మసకగా, మసకను నిండు వెలుతురుగా చూస్తాయి. దాన్ని ‘చీకటి చూపు’ అనవచ్చు. ‘రేచీకటి’ అని మాత్రం రాయకండి. అది రాత్రిపూట కళ్లు కనిపించని జబ్బు.