పెడల్ మెత్తగా దిగుతోంది, గాలేనా?

ప్రశ్న: మాది 2007 మారుతి 800. డికాక్షన్ రంగుకి తిరిగిన బ్రేక్ ఆయిల్‌ని పోయిన నెల మార్పించాను. అప్పట్నుంచీ పెడల్ మెత్తగా కిందికి దిగుతోంది, రెండోసారి తొక్కితే కాస్త పైకొస్తోంది. బ్రేక్ పైపుల్లో గాలి మిగిలిపోయిందా? ఇంట్లోనే తీసుకోవచ్చా? (తెనాలి పాఠకుడు)

జవాబు: గాలి అని తేల్చేముందు ఇంజన్ ఆన్‌లో ఉంచి పెడల్ తొక్కి చూడండి. రెండోసారికి పైకొచ్చి గట్టిగా నిలిస్తే అది గాలి కాదు, వెనక బ్రేకు డ్రమ్ముకీ, దాన్ని లోపల్నుంచి ఒరిసి చక్రాన్ని ఆపే షూలకీ మధ్య సందు పెరిగింది. మొదట ఆ షూలు సరిచేయించండి. పైకొచ్చాక కూడా స్ప్రింగులా ఊగితే గాలే. నొక్కి పట్టిన పెడల్ మెల్లగా నేలకి దిగిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని చక్రాలకి నెట్టేది) రబ్బరు వాషర్లు పోయినట్టే. ఆ బండిని రోడ్డెక్కించొద్దు.

ఆయిల్ మార్చాకే ఈ మూడోది, అంటే వాషర్లు పోవడం, ఎందుకొస్తుందంటే, రోజూ నడిపేటప్పుడు పిస్టన్ సిలిండర్‌లో కొంత దూరమే కదులుతుంది. అది ఎన్నడూ తాకని చివరి భాగంలో ఏళ్ల తరబడి చెమ్మ చేరి తుప్పు, మడ్డి పేరుకుంటాయి. గాలి తీసేటప్పుడు పెడల్‌ని నేల దాకా తొక్కితే వాషర్ మెత్తటి అంచు ఆ గరుకు మీద రాసుకుని చిరుగుతుంది. పాత బండికైతే పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టాల్సిందే. కొందరు మెకానిక్‌లు ఇది మానేస్తారు.

గాలే అయితే ఇంట్లో ఇద్దరు చాలు. అరలీటరు కొత్త బ్రేక్ ఆయిల్ సీసా, నిపిల్‌కి (చక్రం దగ్గర గాలి వదిలే చిన్న బోల్టు) సరిపోయే రింగు పానా, పారదర్శకమైన సన్న ట్యూబు, ఒక ఖాళీ సీసా కావాలి. మాస్టర్ సిలిండర్ మీది డబ్బాలోని పాత ఆయిల్ సిరంజితో లాగేసి కొత్తది నింపండి. మాన్యువల్‌లో వేరే వరుస లేకపోతే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో, అంటే వెనక ఎడమతో మొదలుపెట్టండి. తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, ముందు కుడి. ట్యూబు చివర సీసాలోని ఆయిల్‌లో మునిగే ఉండాలి. ఒకరు పెడల్ నొక్కి పట్టాక రెండోవారు నిపిల్ పావు తిప్పు వదలాలి, బిగించాకే కాలు తీయాలి. కాలు ముందే లేస్తే గాలి తిరిగి లోపలికొస్తుంది. ట్యూబులో బుడగలు ఆగి, లేత పసుపు ఆయిల్ వచ్చేదాకా చేయండి. నాలుగైదు తొక్కులకోసారి డబ్బా చూడండి. అది ఖాళీ అయితే పని మళ్లీ మొదటికొస్తుంది.

నిపిల్ తుప్పుపట్టి కదలకపోతే బలవంతం చేయొద్దు, విరిగితే కాలిపర్ (ముందు చక్రంలో బ్రేకు డిస్కుని నొక్కిపట్టే భాగం) మార్చాల్సి రావచ్చు. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి రాత్రంతా వదిలేసి, తట్టి, ముందు కొద్దిగా బిగించి ఆపై విప్పండి. ఎంత తీసినా గాలి తగ్గకపోతే ముందు చక్రాల కాలిపర్లు చూడండి. ఎడమది కుడికి మారితే నిపిల్ కిందికొచ్చి, పైన గాలి ఇరుక్కుపోతుంది.

ప్రశ్న: ఆయిల్ రెండేళ్లకోసారి మార్చాలంటారు, డబ్బా నిండుగా ఉన్నా మార్చాలా? (తిరుపతి పాఠకురాలు)

జవాబు: మార్చాలి. అది గాల్లోని చెమ్మ పీల్చుకుంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, 3.7 శాతం నీరు చేరితే 140 డిగ్రీలకే మరగొచ్చు. తిరుమల నుంచి దిగేటప్పుడు బ్రేకు మీదే కాలుంచితే ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, పెడల్ ఖాళీగా దిగిపోతుంది. డాట్ 4 కొత్తది 230, నీరు చేరింది 155. డాట్ 3 ఉన్న బండిలో డాట్ 4 పోయొచ్చు. సిలికాన్ రకం డాట్ 5 మాత్రం పోయొద్దు, వీటితో కలవదు. ఆయిల్ పెయింటు మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.