నొప్పి లేదు, రక్తంలో కాల్షియం బాగానే ఉంది... అయినా మందు వాడాలా?

ప్రశ్న: నా వయసు 58. నెలసరి ఆగి పదేళ్లయింది. ఆరు నెలల క్రితం స్నానాల గదిలో కాలు జారి పడితే మణికట్టు విరిగింది, అతుక్కుంది. ఆ తర్వాత డెక్సా స్కాన్‌లో (ఎముకల సాంద్రత కొలిచే పరీక్ష) వెన్ను దగ్గర టీ స్కోరు మైనస్ 2.7 వచ్చింది. ఎముకలు గుల్లబారకుండా వారానికొక అలెండ్రొనేట్ మాత్ర వేసుకోమన్నారు. నాకు నొప్పులేమీ లేవు, రక్తపరీక్షలో కాల్షియం మామూలుగానే ఉంది. ఆ మాత్రలతో దవడ ఎముక దెబ్బతింటుందని విన్నాను. కాల్షియం మాత్రలు సరిపోవా?

జవాబు: రక్తపరీక్ష దగ్గరే చాలామంది పొరబడతారు. గుండె, కండరాలు పనిచేయాలంటే రక్తంలో కాల్షియం ఒక స్థాయిలో ఉండి తీరాలి. అది తగ్గబోతే శరీరం ఎముకల్లోంచి తీసి సర్దుకుంటుంది. అందుకే ఎముకలు గుల్లబారుతున్నా రక్తంలో అంకె నిక్షేపంగా కనిపిస్తుంది. నొప్పి లేకపోవడమూ భరోసా కాదు. గుల్లబారడం నొప్పెట్టదు, విరగడమే నొప్పెడుతుంది. వెన్నుపూసలైతే చప్పుడు చేయకుండానే కుంగిపోతాయి. ఒకసారి ఎత్తు కొలిపించుకోండి. వయసులో ఉన్నప్పటికంటే నాలుగు సెంటీమీటర్లు తగ్గి ఉంటే వెన్నుకు ఎక్స్‌రే అవసరం.

టీ స్కోరు అంటే ఆరోగ్యంగా ఉన్న యువతుల ఎముకలతో పోలిస్తే మీ ఎముక సాంద్రత ఎక్కడుందో చెప్పే అంకె. అది మైనస్ 2.5 గానీ అంతకంటే దిగువన గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్, అంటే ఎముకలు గుల్లబారే జబ్బు, అంటాం. అయితే మీ విషయంలో నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మణికట్టు. నిలుచున్నచోట పడినంత మాత్రాన గట్టి ఎముక సాధారణంగా విరగదు. ఒకసారి అలా విరిగాక, తర్వాతి రెండేళ్లలో మరో ఎముక విరిగే ముప్పు బాగా పెరుగుతుంది. అది తుంటి ఎముక కాకూడదనే మా ఆరాటం.

ఎముకలో పాతదాన్ని తొలిచే కణాలు, కొత్తది పేర్చే కణాలు జీవితమంతా పనిచేస్తూనే ఉంటాయి. తొలిచేవాటికి ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోన్ కళ్లెం. నెలసరి ఆగాక ఆ కళ్లెం వదులవుతుంది. కాల్షియం ఇటుకల వంటిది: కూల్చేవాళ్ల జోరు తగ్గకుండా ఎన్ని ఇటుకలు తెచ్చి పోసినా గోడ లేవదు. ఆ జోరు తగ్గించేదే మీకు రాసిన మాత్ర. కాల్షియం మానమని కాదు. మీ వయసులో రోజుకు 1200 మిల్లీగ్రాములు కావాలి. పాలు, పెరుగు, ఆకుకూరల ద్వారా అందేది పోగా తగ్గినంతే మాత్రగా తీసుకోండి. విటమిన్ డి తక్కువగా ఉంటే ముందు దాన్ని సరిచేయాలి.

దవడ భయం అబద్ధం కాదు గానీ, ఈ మోతాదులో చాలా అరుదు. క్యాన్సర్ రోగులకు పెద్ద మోతాదులో ఇచ్చే ఇంజెక్షన్లతోనే ఎక్కువగా కనిపిస్తుంది. పన్ను తీయించాల్సి ఉంటే మందు మొదలుపెట్టకముందే తీయించుకోండి. నేను ఎక్కువగా చూసే ఇబ్బంది వేరు: మాత్ర వేసుకోగానే మళ్లీ పడుకోవడం. అన్నవాహిక పుండు పడుతుంది. పరగడుపున గ్లాసుడు మంచినీళ్లతో మింగి, అరగంట నిటారుగా ఉండండి. కాల్షియం మాత్ర ఆ పూట కలపకండి. అన్నవాహిక జబ్బు గానీ కిడ్నీ సమస్య గానీ ఉంటే ముందే చెప్పండి, వేరే మందులున్నాయి. సాధారణంగా ఐదేళ్ల తర్వాత కొనసాగించాలా వద్దా అని మళ్లీ చూస్తాం.

ఎముకలు గుల్లబారడానికి వేరే కారణాలూ ఉండొచ్చు: థైరాయిడ్, పారాథైరాయిడ్ (మెడలో థైరాయిడ్ పక్కనుండే చిన్న గ్రంథులు) పరీక్షలు చేయించారా? స్టెరాయిడ్లు వాడారా? ఉత్తరంలో రాయలేదు. మీ డాక్టరుతో మాట్లాడండి. రోజూ నడవండి, కండరాలకు బలమిచ్చే వ్యాయామం కలపండి. బరువులెత్తేటప్పుడు నడుము వంచకండి. అన్నట్టు, మీరు జారిన ఆ గదిలో పట్టుకోవడానికి కమ్మీ బిగించారా?