విల్లు రాస్తే సరిపోతుందా, ట్రస్టు కూడా కావాలా?

ఆస్తి ఎవరికి చెందాలో చెప్పడానికి విల్లు చాలు. అది ఎప్పుడు, ఎలా వాళ్లకి అందాలో కూడా మీరే నిర్ణయించాలంటే ట్రస్టు పెట్టడం మేలు. విల్లు రాసినవారు పోయాకే అమల్లోకి వస్తుంది. ట్రస్టును బతికుండగానే మొదలుపెట్టవచ్చు. అందులోని ఆస్తిని మీరు నియమించిన వ్యక్తి, అంటే ట్రస్టీ, మీరు పెట్టిన షరతుల ప్రకారం చూసుకుంటారు.

ఇద్దరు కొడుకుల్లో చిన్నవాడు మానసిక వైకల్యం వల్ల లెక్కలు చూసుకోలేడనుకోండి. విల్లుతో ఇల్లు అతని పేరున వస్తుంది. మరి అద్దె వసూలు చేసి, నెలనెలా మందులు కొనేదెవరు? ఆ బాధ్యత ట్రస్టీకి రాసిపెడితే, డబ్బంతా అన్నే వాడేసుకున్నాడన్న నిందకు పెద్దగా తావుండదు.

చాలామంది ట్రస్టు పత్రం రాయించగానే పనైపోయిందనుకుంటారు. ఇల్లు, డిపాజిట్లు ట్రస్టుకు బదిలీ చేయకపోతే అది ఒట్టి కాగితమే. ఆ ఆస్తి విల్లు ప్రకారం, విల్లూ లేకపోతే వారసత్వ చట్టం ప్రకారం వెళ్తుంది.